తడి చెయ్యి, వేడి ఒళ్లు

"అమ్మాయ్! గాంధారం!"

కింద నుంచి మామగారి కేక మేడమెట్ల మీదుగా పై అంతస్తుకి చేరింది. ఆమని వాయించడం ఆపేసింది. గాంధారం జారిందని ఆయన చెప్పాలా, ఆమెకి మాత్రం చెవులు లేవా? మొన్ననే సరిచేసుకున్న వీణ మెట్టు మళ్లీ ఒక పక్కకి ఒరిగింది. మెట్లని పట్టి ఉంచే నల్ల మైనాన్ని బొటనవేలితో నొక్కి చూసింది. చలిమిడిలా అణిగిపోయింది.

ఎదురుగా చాప మీద కూర్చున్న నిహారిక చున్నీతో మెడ తుడుచుకుంది. మధ్య అంతస్తులో కిరాయికి ఉండే విద్యావతి కూతురు. డిగ్రీ చదువుతోంది, ఈ క్లాసులో అందరికంటే బాగా వాయిస్తుంది.

"అక్కా, ఫ్యాను జర పెంచుతరా?"

"ఐదు మీదనే ఉన్నది. ఇంకా పెంచితే ఊడొచ్చి అశోక్‌నగర్ల పడతది" అంది ఆమని.

ఇద్దరూ నవ్వారు. ఫ్యాను మాత్రం పైకప్పు కింద పేరుకున్న సెగనే తీసి వాళ్ల నెత్తిన పోస్తోంది. ఏసీ ఉంది, పడకగదిలో. ఈ వేసవిలో అది కూడా కాసేపు పని చేసి, కాసేపు గుర్రుమని ఊరుకుంటోంది. క్లాసు జరిగేది హాల్లో. హాలుకి కూడా ఒకటి పెట్టిద్దామని ఆమె భర్త అభిరామ్ అడిగితే, "వీణకి ఏసీ ఏంట్రా? వేళ్లలో ఉండాలి" అన్నారు మామగారు జగన్నాథరావు. అక్కడితో ఆ మాట ముగిసింది.

క్లాసు సగంలోనే ఆపేసి ఆమని కిందికి దిగింది. దిగుతుంటేనే ఒంటికి తేడా తెలుస్తుంది. మధ్య అంతస్తు దాటేసరికి ఊపిరి ఆడుతుంది, కింది అంతస్తు గచ్చు మీద కాలు పెట్టగానే అరికాలు జివ్వుమంటుంది. అక్కడ అత్తగారు సులోచన మే నెల మధ్యాహ్నం శాలువా కప్పుకుని, ఫ్యాను ఒకటి మీద పెట్టుకుని కూర్చుని ఉంది. ఒకే ఇల్లు, ఒకే మధ్యాహ్నం! పైన మనుషులు మాడుతుంటే కింద మనిషికి శాలువా కావలసి వచ్చింది.

"వచ్చావా? అదిగో, గ్లాసు మూతపెట్టి ఉంచాను. తాగు."

సబ్జా గింజల నీళ్లు. పొద్దున బార్లీ, మధ్యాహ్నం సబ్జా, పడుకునే ముందు మాడుకి ఆముదం. అడిక్‌మెట్ నుంచి పెళ్లయి వచ్చిన అమ్మాయికి వేసవి వస్తే ఇదే వైద్యం.

"నీది వేడి శరీరం ఆమనీ. నా మాట విను. మామిడిపండు మానెయ్. ఒళ్లంతా వేడి చేసి ఉంటే వేళ్లు నిలకడగా ఎలా ఉంటాయి? చెమట చేత్తో వాయిస్తే శ్రుతి ఎందుకు నిలుస్తుంది చెప్పు?"

"అత్తమ్మా, పైన ఇల్లే గట్ల మండుతుంది. నా ఒళ్లు కాదు."

"అభిరామ్ కూడా పైనే ఉంటున్నాడుగా? వాడికేం వేడి చెయ్యలేదే!"

అభిరామ్ పొద్దున్నే ఆఫీసుకి పోతాడు, అక్కడి చల్లదనంలో రోజంతా కూర్చుని దీపాలు పెట్టాక వస్తాడు. ఆ సంగతి ఆమని నోటి చివరి దాకా వచ్చి ఆగింది. ఎందుకంటే సులోచన అప్పటికే లేచి, సామాన్ల గది తలుపు తీసి, జాడీ మూత ఎత్తి, "అయ్యయ్యో!" అంది.

కొత్త ఆవకాయ. పెట్టిన మూడోనాడు కలిపి, పైన నూనె తేలాక వాసెన కట్టిన జాడీ. మీద తెల్లగా, దూదిలాగా బూజు.

గది లోపల తడి గోడ వాసన వేస్తోంది. ఆ గది కిందే నీళ్ల సంపు. మూలన ఉప్పు డబ్బా అడుగున నీరు ఊరింది, అప్పడాలు మెత్తబడి వంగిపోయాయి. ఆమని అవన్నీ చూసింది. సులోచన చూసింది జాడీ ఒక్కటే.

"ఎవరో తడి చెయ్యి పెట్టారు" అంది.

ఆ ఇంట్లో "ఎవరో" అంటే ఒక్కరే. మూడోనాడు ఆవకాయ కలిపింది ఆమనే.

"తుడుచుకునే పెట్టిన అత్తమ్మా. మీరే కదా తువ్వాలిచ్చింది."

"ఏమో తల్లీ. మా అమ్మ చేతి కాలం నుంచీ ఎప్పుడూ బూజు ఎరగం మేము."

ఆమనికి ఒళ్లు మండిపోయింది, ఈసారి నిజంగానే. పైకి వెళ్తే ఒళ్లు వేడి, కిందికి వస్తే చెయ్యి తడి. సబ్జా నీళ్లు గటగటా తాగేసి గ్లాసు ఠంగున పెట్టింది.

వరండాలో పేపరు చదువుతున్న జగన్నాథరావు ఆ చప్పుడుకి తలెత్తారు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయిన మనిషి. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ వాళ్ల నాన్నగారి స్థలంలో ఈ మేడని తనే గీసి, తనే దగ్గరుండి కట్టించుకున్నారు. వాయించడం రాదు గానీ ఆయన చెవి మహా గట్టిది. చిక్కడపల్లి సభల్లో ముందు వరసలో ఆయన తల ఊపితే వాయించేవాళ్లు ధైర్యం తెచ్చుకుంటారు.

"అమ్మాయ్, ఇలా రా. ఆదివారం కార్యక్రమం విషయం."

ఆదివారం సాయంత్రం ఆమని శిష్యులంతా కింది హాల్లో, ఆయన స్నేహితుల ముందు వాయించాలి. పిల్లలు రెండు నెలలుగా దాని కోసమే సాధన చేస్తున్నారు.

"అది వద్దనుకుంటున్నాను" అన్నారాయన. గొంతులో కోపం లేదు, అదే ఇంకా బాధ. "నలుగురిలో నవ్వులపాలు కాలేను నేను. శ్రుతి నిలవడం లేదు నీకు. ఈ వేసవికి క్లాసు ఆపెయ్. విద్యావతిగారితో చెప్పాను, వాళ్ల అమ్మాయిని బర్కత్‌పురలో ఒకావిడ దగ్గరికి పంపమని. మంచి చెయ్యి ఆ పిల్లది, పాడవకూడదు."

ఈ సందులో ఆమెని ఎవరూ జగన్నాథరావుగారి కోడలు అనరు, వీణ ఆమనక్క అంటారు. ఆ పేరు తీసేస్తే తనకంటూ ఇక్కడ ఏముంది? తను లేనప్పుడు, తనకి చెప్పకుండా, తన శిష్యురాలిని వేరే గుమ్మానికి పంపేశారు.

"నన్ను అడగకుండనే చెప్పేసినరా మామయ్యగారూ?"

"నువ్వు బాధపడతావని."

పైకెక్కుతుంటే మధ్య అంతస్తులో విద్యావతి తలుపు దగ్గర నిలబడి ఉంది. కళ్లలోకి చూడలేకపోయింది.

"ఏమనుకోకు ఆమనీ. సారే చెప్పిండు. మా పిల్ల అయితే ఏడుస్తుంది, పోనంటుంది. నేనే పరేషాన్‌ల ఉన్న."

"ఆదివారం దాంక ఆగు అక్కా" అంది ఆమని. "ఒక్క ఆదివారం దాంక."

ఆదివారానికి తను ఏం చేయబోతోందో అప్పటికి ఆమెకే తెలియదు.

*

శుక్రవారం పొద్దున సులోచన కింద సాంబ్రాణి వేసింది. ఆమని పైన వీణ తుడుస్తోంది. తుడుస్తూ తుడుస్తూ ముక్కు ఎగబీల్చింది. కింద వేసిన సాంబ్రాణి అప్పుడే పైకి వచ్చేసింది! మెట్ల తలుపు వేసి ఉంది. మరి ఎటు నుంచి?

తలెత్తి చూసింది. హాలు గోడకి పైన, డక్టు వైపున్న వెంటిలేటర్లోంచి తెల్లటి పొగ సన్నగా లోపలికి దిగుతోంది. ఇంటి నడుమ మూడంతస్తులకీ వెలుతురు కోసం వదిలిన చదరపు ఖాళీ ఆ డక్టు. కింది గదుల కిటికీలు, మధ్య గదుల కిటికీలు, పై గదులవి, అన్నీ దానిలోకే తెరుచుకుంటాయి. పొగ బయటికి పోవాల్సింది పోయి లోపలికి వస్తోంది. వచ్చి, పైకప్పు కింద ఆగి, కదలకుండా నిలబడిపోయింది.

ఆమని గుడ్డ పక్కన పడేసింది. వెళ్లి డక్టు వైపు కిటికీ రెక్క తెరిచింది. ఇడ్లీపాత్ర మూత తీసినట్టు ఆవిరి మొహాన కొట్టింది. అందులో సాంబ్రాణి ఉంది, నిన్నటి మెంతి పోపు ఉంది, విద్యావతి వాళ్లింటి చేపల పులుసు కూడా ఉంది. మూడిళ్ల వంటలు, మూడిళ్ల వేడి, అన్నీ ఎక్కొచ్చి ఇక్కడ కూర్చున్నాయి.

కిటికీలోంచి తల బయటపెట్టి పైకి చూసింది. డక్టు నెత్తిన పసుపు పచ్చటి ఫైబర్ రేకు. పావురాల గోల భరించలేక జగన్నాథరావే వేయించారు, ఆమె పెళ్లయిన మరుసటి ఏడాది. చుట్టూ సిలికాన్ జిగురు దగ్గరుండి పట్టించి, "ఇక చీమ కూడా దూరదు" అని అందరికీ చెప్పుకున్నారు.

చీమ దూరలేదు సరే, గాలి ఎటు పోతుంది?

ఆమని అలాగే కిటికీ పట్టుకుని నిలబడింది. కొత్త కోడలిగా వచ్చిన ఆ తొలి వేసవిలో ఇదే హాల్లో స్వరాల పుస్తకం పేజీలు వాటంతటవే తిరిగిపోతుంటే వాటి మీద చెంచా బరువు పెట్టుకునేది. ఆ చెంచా ఇప్పుడెక్కడుందో కూడా తెలియదు. పైకి పోవాల్సిన వేడికి దారి లేక తన గదిలో మకాం పెట్టింది. వేడి కదలకపోతే కింది గాలీ కదలదు. కదలని గాలిలో సంపు మీది గది ఏటికేడు చెమర్చింది. ఉప్పు నీరయింది. ఆవకాయకి బూజు పట్టింది. అన్నిటికీ ఆ రేకే!

చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి పరిగెత్తింది.

జగన్నాథరావు పూర్తిగా విన్నారు. విని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఈ ఇల్లు ఎవరు కట్టారమ్మా?"

"మీరే మామయ్యగారూ."

"ఎన్ని కాలవలకి లెక్కలు కట్టానో తెలుసా? రేకు తీస్తే పావురాలొస్తాయి, వాన పడుతుంది. వాయించలేనిదానికి ఇల్లు తప్పంటే ఎలా?"

"తియ్యమంటలేను. జర పైకి లేపమంటున్న. ఒక్కసారి పైకొచ్చి చూడుండ్రి, మీకే తెలుస్తది."

"నా మోకాళ్ల సంగతి తెలిసే అంటున్నావా?"

అదీ సంగతి. ఆ రేకు వేసిన నాటి నుంచీ ఆయన పై అంతస్తు ఎక్కలేదు. నీళ్ల దారి తెలిసిన మనిషి, గాలి దారి మూసేసి కింద చల్లగా కూర్చున్నారు. సాయంత్రం అభిరామ్‌తో చెప్తే అతను తల గోక్కున్నాడు.

"నాన్న చెవి ఎప్పుడూ తప్పదు ఆమనీ."

"చెవి తప్పని ఎవరన్నరు అభీ? ఆయన విన్నది నిజమే. ఎందుకో తెలియకుండా నా మీద ఏసిండు, అది తప్పు" అంది ఆమని. "ఆయన పైకి రాలేకపోతే, పైనున్నదాన్నే కిందికి తెస్త. రేపు సెలవే కదా, వీణ మొయ్యాలె నువ్వు" అంది.

*

శనివారం పొద్దున్నే వీణ కింది హాల్లోకి వచ్చింది. ఆమని చాప పరిచి, మామగారి కుర్చీ దగ్గరికి లాగింది.

"క్లాసు ఆపమన్నరు, ఆపుత. ఈ ఒక్కసారి మెట్లు మీరే సరిచేయించుండ్రి. మీ చెవి కంటే పెద్ద పరీక్ష ఏముంది?"

పొగడ్తకి లొంగని చెవి ఎక్కడుంటుంది! జగన్నాథరావు పేపరు మడిచి పక్కన పెట్టారు.

ఆమని సన్నటి కత్తి మొనని దీపం మీద కాల్చి, ఒక్కో మెట్టు కింద మైనాన్ని కొద్దిగా కరిగించి, మెట్టుని గింజంత జరిపి, తీగ మీటేది. ఆయన కళ్లు మూసుకుని వినేవారు. "ఊహూ, ఇంకాస్త. ఆఁ, ఆపు, అక్కడే!" అనగానే ఆమె తడిగుడ్డ అద్ది మైనాన్ని గట్టిపరిచేది. మామకీ కోడలికీ మధ్య ఏ గొడవా లేనట్టే ఉంది. ఆయనకి తన చెవి మీద, ఆమెకి తన చేతుల మీద ఎంత నమ్మకమో చూస్తూ సులోచన కాఫీ చల్లారబెట్టుకుంది.

చివరి మెట్టు కూడా అయ్యాక ఆమని మొత్తం మీటి వినిపించింది.

"శుద్ధం" అన్నారు జగన్నాథరావు. "వంక పెట్టడానికి లేదు. నువ్వు కావాలంటే చెయ్యగలవు చూశావా!"

"మళ్లా అనుండ్రి. అత్తమ్మ కూడా వినాలె."

"శుద్ధంగా ఉందన్నాను కదమ్మా."

భోజనాలయ్యాక అభిరామ్ ఆ వీణని పై హాల్లోకి మోసి, గుడ్డ గవిసెన తొడిగి, చాప మీద పడుకోబెట్టి వచ్చాడు. ఆమని హాలు తలుపుకి తాళం వేసి, తాళంచెవి తెచ్చి సులోచన చేతిలో పెట్టింది.

"బొడ్ల దోపుకోండి అత్తమ్మా. నేను ఇక్కడనే ఉంట, మీ కళ్ల ముంగట."

"ఏంటే ఈ వేషాలు?" అంది సులోచన. అయినా దోపుకుంది.

మధ్యాహ్నమంతా ఆమని అక్కడే కూర్చుని చింతపండు ఈనెలు తీసింది. టీ వేళకి తాళంచెవి అడిగి తీసుకుని అభిరామ్‌ని పైకి పంపింది. అతను వీణని తెచ్చి తండ్రి ముందు పెట్టి గవిసెన తీశాడు. అతని చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

"అమ్మో, నరకంలా ఉంది పైన" అన్నాడు. సెలవు రోజుల్లో ఏసీ గది దాటని మహానుభావుడు, ఇన్నేళ్లకి ఈ మధ్యాహ్నం ఆ హాల్లో అడుగుపెట్టాడు.

"గాంధారం మీరే పట్టుండ్రి మామయ్యగారూ" అంది ఆమని. "మెట్టు నేను ముట్టుకోను, తీగ మీటుత అంతే. మళ్లీ నా ఒళ్లు వేడంటారు."

జగన్నాథరావు ముందుకి వంగారు. ఎడమ చూపుడువేలితో తీగని గాంధారం మెట్టు మీద నొక్కారు. ఆమని కుడిచేత్తో మీటింది. స్వరం మొదట సరిగ్గానే పలికింది. ఆయన వేలు అలాగే ఉంచారు. ఉంచుతుండగానే స్వరం కుంగింది. మెట్టు ఆయన వేలి కిందే ఒరిగిపోయింది.

ఆయన చటుక్కున చెయ్యి తీశారు. తీస్తూ అంచున మైనాన్ని పట్టుకున్నారు. మైనంలో ఆయన బొటనవేలి ముద్ర గీతలతో సహా పడింది.

సులోచన వచ్చి తనూ ఒక వేలు పెట్టి నొక్కి చూసింది. "అయ్యో, మెత్తగా అయిపోయిందేంటండీ ఇది!"

"మరి దీనికి కూడా సబ్జా నీళ్లు తాగిద్దామా అత్తమ్మా?" అంది ఆమని. "ఇది కూడా మామిడిపండు తిన్నట్టుంది."

అభిరామ్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. జగన్నాథరావు నవ్వలేదు. మైనంలో తన వేలి ముద్రని మళ్లీ ఒకసారి చూసుకున్నారు. కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచారు. మేడమెట్ల వైపు నడిచారు.

"ఏవండీ, మోకాళ్లు!" అంది సులోచన.

ఆయన వినిపించుకోలేదు. మెట్ల కమ్మీ పట్టుకుని ఎక్కారు. మధ్య అంతస్తు గుమ్మంలో విద్యావతి కుర్చీ వేయబోతే వద్దన్నారు. ఆమని వెనకే వెళ్లింది, పట్టుకోవాలనిపించినా పట్టుకోలేదు. పై హాల్లో అడుగుపెట్టగానే ఆయన నుదుట చెమట పొంగింది. తిన్నగా డక్టు కిటికీ దగ్గరికి వెళ్లి రెక్క తెరిచారు. మొహాన కొట్టిన ఆవిరికి కళ్లు మూసుకున్నారు. ఆపైన తలెత్తి రేకుని చూశారు, చుట్టూ తిరిగిన సిలికాన్ గీతని చూశారు.

"నీట్‌గా పట్టించాను" అన్నారు మెల్లగా. ఆ వెంటనే ఇంజనీరు గొంతుతో అన్నారు. "నాలుగు మూలలా కాళ్లు వేసి రేకుని అడుగెత్తు లేపాలి. రేకు డక్టు కంటే అన్నివైపులా వెడల్పుగా ఉండాలి, జల్లు కొట్టకుండా. చుట్టూ వల కడితే పావురం దూరదు."

"అదే కదా నేను చెప్పిన మామయ్యగారూ."

"చెప్పావు" అన్నారాయన. ఆమె వైపు తిరిగారు. "చెప్పావు, నేను వినలేదు. ఇంత గొప్ప చెవి పెట్టుకుని."

ఆమనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. చెమట అనుకుంటారులే అని తుడుచుకోలేదు.

*

ఆదివారం పొద్దున నారాయణగూడ నుంచి వెల్డింగ్ రాఘవేందర్ వచ్చాడు. సిలికాన్ కోస్తూ, "ఏం పట్టించినవు సార్, ఊడుతలేదు!" అని మెచ్చుకున్నాడు. జగన్నాథరావుకి ఆ మెచ్చుకోలు రుచించలేదు.

రేకు లేచిన క్షణం పైనున్న వాళ్లకి తెలియలేదు. కింద ఉన్న సులోచనకి తెలిసింది. గోడ మీది క్యాలెండరు టపటపా కొట్టుకుంది. సామాన్ల గది తలుపు తనంతట తనే ధన్‌మని పడింది. ఆవిడ శాలువా తీసేసి మెట్ల మొదట్లో నిలబడి అరిచింది.

"ఎవరే ఫ్యాను పెంచారు?"

"ఎవరూ పెంచలే అత్తమ్మా!" అని పైనుంచి ఆమని అరిచింది. గొంతులో సంతోషం ఆగడం లేదు. "గాలి! గాలొచ్చింది!"

చల్లబడిపోయిందని కాదు. మే నెల మే నెలే. కానీ కిటికీ దగ్గర నిలబడితే గాలి కింది గదుల్లోంచి బయల్దేరి, డక్టులో ఎక్కి, వల సందుల్లోంచి ఆకాశంలోకి పోతున్నట్టు ఒంటికి తెలుస్తోంది. మూడు వేసవుల ఉక్కపోత దారి దొరికి బయటికి వెళ్లిపోతోంది. భోజనాలయ్యాక మామగారు చెవి, కోడలు చెయ్యి పెట్టి మెట్లు మళ్లీ సరిచేశారు. ఈసారి ఆమని వీణని పై హాల్లోనే ఉంచింది. టీ వేళకి మైనం నొక్కి చూసింది. గట్టిగా, నిలకడగా ఉంది.

వద్దనుకున్న కార్యక్రమాన్ని మామగారే మళ్లీ పెట్టించారు. సాయంత్రం స్నేహితులొచ్చారు. కింది హాల్లో కుర్చీలు లేకపోవడం చూసి, కాచిగూడ నుంచి వచ్చిన కిషన్ రావు గుమ్మంలోనే ఆగాడు.

"ఏంది జగన్నాథ్, ప్రోగ్రాం లేదా?"

"పైన. పైకి రండి. మా కోడలి క్లాసులోనే."

ఆయాసపడుతూ ఎక్కొచ్చిన కిషన్ రావు చాప మీద చతికిలబడి అటూ ఇటూ చూశాడు. "మంచిగున్నది గదా గాలి! కొత్త ఏసీ పెట్టినవా?"

"ఏసీ కాదు. అదంతా ఇంటి ప్లానులోనే ఉంది" అని జగన్నాథరావు గొంతు సవరించుకున్నారు. "ఈ ఇల్లు కట్టేటప్పుడే నేను నడుమ డక్టు ఎందుకు వదిలానంటే..."

"మీరే కట్టారు, మీరే మూశారు" అంది సులోచన, అందరికీ వినపడేలా. "తెరిచింది నా కోడలు. ఇక ఆ పిల్లని వాయించనివ్వండి."

అందరూ గొల్లున నవ్వారు. జగన్నాథరావు కూడా నవ్వి, కోడలికి చెయ్యి చూపించి కూర్చున్నారు. ముందు వరసలో కూర్చున్న విద్యావతి, బర్కత్‌పుర మాట తనెప్పుడూ అననట్టే, నిహారిక జడ సర్దింది. పిల్లలు ఒక్కొక్కరూ వాయించారు. చివర నిహారిక వాయిస్తుంటే కిషన్ రావు తొడ మీద తాళం వేశాడు.

ఆఖరున ఆమని కూర్చుంది. గాంధారం దగ్గరికి వచ్చేసరికి అలవాటు కొద్దీ ఆమె వీపు బిగుసుకుంది. చెవులు మేడమెట్ల వైపు పోయాయి. ఏ కేకా రాలేదు. వేలు ఒత్తి, ఊపి, గాంధారాన్ని ఎంతసేపు నిలపాలనుకుందో అంతసేపూ నిలిపింది. అది కదల్లేదు. ఎదురుగా మామగారి తల నెమ్మదిగా ఊగింది. ఇన్నాళ్లూ సభల్లో ఎవరెవరికో ఊగిన తల అది. గెలిచాననుకుంది ఆమని. అనుకుని, ఆ సంతోషం దాచుకోకుండా మొహమంతా నవ్వుతూ వాయించింది.

అందరూ వెళ్లాక సులోచన ఆమనిని కిందికి పిలిచింది. సామాన్ల గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల తడి వాసన అప్పుడే సగం పోయింది. కడిగి బోర్లించిన జాడీ పక్కన కొత్త మామిడికాయలు ఉన్నాయి.

"రేపు మళ్లీ పెడదాం" అంది సులోచన ఎటో చూస్తూ. "మూడోనాడు నువ్వే కలుపు."

ఆమని రెండు చేతులూ కొంగుకి బాగా తుడుచుకుని, అరచేతులు ఆవిడ ముందు చాపింది. "చూసుకోండి అత్తమ్మా, మళ్లా అంటారు."

సులోచన ఆ చేతులు రెండూ పట్టుకుంది. తిప్పి చూసింది. వేళ్ల కొసన తీగ కోసిన గీతలు, గోళ్ల కింద నల్ల మైనం.

"పొడిగానే ఉన్నాయి లేవే" అంది. "ఎప్పుడూ పొడిగానే ఉన్నాయి."